రీమాన్ మహాశయుడు – గాలిలో నిలిచిన గోడ

జర్మనీ దేశపు ఉత్తర భాగమున, ఎల్బే నదికి అనతిదూరమున బ్రెసెలెంజ్ అను కుగ్రామము కలదు. ఆ కాలమున అది హానోవర్ రాజ్యములోనిది. ఆ యూరి చర్చికి పాదిరిగా నుండిన ఫ్రీడ్రిఖ్ రీమాన్‌గారి యింట 1826వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఒక మగశిశువు జన్మించెను. ఆ శిశువే గెయార్గ్ ఫ్రీడ్రిఖ్ బెర్న్‌హార్డ్ రీమాన్. ఆరుగురు సంతానములో రెండవవాడు. గణితశాస్త్రమున ఈతని పేరు చెప్పగానే వంపు తిరిగిన అంతరాళమును గూర్చిన జ్యామితియు, ప్రధాన సంఖ్యలను గూర్చి నేటికిని తెగని సమస్యయు పండితులకు జ్ఞప్తికి వచ్చును. ఆ రెండును జగత్ప్రసిద్ధములు. మేము ఈ వ్యాసమున ఆ రెంటిని దాటుకొని, గాలిలో పుట్టు అలలను గూర్చి ఈతడు వ్రాసిన యొక చిన్న గ్రంథము చెంత ఎక్కువసేపు నిలువదలచితిమి. మేము తెలుగు బోధించువారము. గణితమున లోతు ముట్టినవారము కాము. కనుక సమీకరణముల జోలికి పోక, మన చెరువులు, కాలువలు, తిరునాళ్ళ సాయముతో చెప్పగలిగినంత చెప్పెదము.

తండ్రి నెపోలియనుతో జరిగిన యుద్ధములలో పాల్గొని, పిదప మతసేవలో ప్రవేశించినవాడు. జీతము స్వల్పము, కుటుంబము పెద్దది. బెర్న్‌హార్డ్ పసితనముననే వారు క్విక్‌బోర్న్ అను మరియొక పల్లెకు కాపురము మార్చిరి. పదియేండ్లు వచ్చువరకు తండ్రియే గురువు. అయిదేండ్ల ప్రాయమున ఈ బాలునకు చరిత్ర కథలనిన ప్రాణము. అందును పోలండు దేశము పడిన కష్టములను మరల మరల చెప్పించుకొనెడివాడు. తరువాత లెక్కలపై మనసు పడెను. చిక్కు లెక్కలను తానే కల్పించి తోబుట్టువులకిచ్చి చేయుమనుట ఈతనికి వేడుక. ఇల్లు ప్రేమతో నిండినది. కాని ఆ యింటివారి ఆరోగ్యము బలహీనము. తల్లి 1846లో మరణించెను. అక్కచెల్లెండ్రు, తమ్ముడు ఒకరి వెనుక నొకరుగ చిన్న వయసుననే పోవుట ఈ చరిత్రలో మనము చూడబోవుచున్నాము.

1840లో బెర్న్‌హార్డ్ హానోవర్ నగరమున అవ్వగారి యింట నుండి చదువుటకు పోయెను. రెండేండ్లకు అవ్వ మరణించుటచే లూనెబుర్గ్ పట్టణపు ఉన్నత పాఠశాలకు మారవలసి వచ్చెను. పల్లె నుండి పట్టణమునకు వచ్చిన పిల్లవాడు. నలుగురిలో నోరు విప్పలేడు, ఇంటిపై బెంగ. సెలవు దొరికినంతనే కాలినడకన ఇంటికి పోయెడివాడు. అంత దూరము నడచిన కుమారుని చూచి తల్లి ఆరోగ్యము చెడునని భయపడెడిది. వ్యాసము వ్రాయుమని ఉపాధ్యాయులు చెప్పినచో ఒక్క దోషమైనను ఉండరాదను పట్టుదలచే గడువు దాటిపోయినను ఇచ్చెడివాడు కాడు. (ఈ యొక్క విషయమున మన విద్యార్థులు ఆయనను అనుసరింప నక్కరలేదు.) ప్రధానోపాధ్యాయుడు ష్మాల్‌ఫుస్ ఈ బాలుని లోని వెలుగును కనిపెట్టి తన సొంత పుస్తకములను చదువుట కిచ్చెను. అందు లెజాండ్ర్ అను ఫ్రెంచి పండితుడు సంఖ్యాశాస్త్రముపై వ్రాసిన ఎనిమిది వందలకు పైగా పుటలు గల గ్రంథమొకటి. బాలుడు దానిని ఒక వారము లోపలనే తిరిగి ఇచ్చెననియు, చాలకాలమునకు పిదప అందులోనుండి ప్రశ్నింపగా తడుముకొనక సమాధానము చెప్పెననియు ఆయన జీవితమును వ్రాసినవారు తెలిపియున్నారు.

1846లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చేరునప్పటికి ఈతడు ఎంచుకొనినది గణితము కాదు, మతశాస్త్రము. త్వరగా పాదిరియై నాలుగు డబ్బులు సంపాదించి కుటుంబమునకు తోడ్పడవలెనని తలంపు. కాని గౌస్ పండితుడు కొలువున్న ఊరిలో గణితము వినకుండ నుండుట ఈతనికి సాధ్యము కాలేదు. తుదకు తండ్రికి తన కోరిక విన్నవించుకొని అనుమతి పొందెను. ఆ బీద తండ్రి కాదనక పోవుట మా దృష్టిలో చిన్న విషయము కాదు. పెద్ద కొడుకు సంపాదనకై కనిపెట్టుకొనియున్న ఇండ్లు మన ప్రాంతమున నెన్ని లేవు? మరుసటి సంవత్సరము బెర్లిన్ నగరమునకు పోయి, రెండేండ్లు యాకోబీ, డిరిఖ్లే మొదలగు మహామహుల పాఠములు వినెను. 1848లో అచ్చట విప్లవము చెలరేగినపుడు విద్యార్థి దళముతో గూడి రాజభవనము కడ ఒక రాత్రియు పగలును కాపలా కాచెను. 1849లో గొట్టింగెన్ తిరిగి చేరెను.

1851లో సమర్పించిన సిద్ధాంత వ్యాసమునకు గౌస్ మెప్పు లభించెను. గౌస్ ఇతరులను మెచ్చుట మిక్కిలి అరుదు. పిమ్మట భౌతిక శాస్త్రాచార్యుడు విల్‌హెల్మ్ వేబర్ వద్ద సహాయకుడై యుండెను. ఈ సాంగత్యమును మేము ప్రత్యేకముగ చెప్పుచున్నాము. ఏలయన రీమాన్‌ను కేవలము అమూర్త గణితజ్ఞునిగ తలచువారు పెక్కురు. ఆయన మనసు ఎల్లప్పుడు వెలుగు, విద్యుత్తు, వేడి, ధ్వని మొదలగు ప్రకృతి విషయముల చుట్టును తిరుగుచుండెను. 1854 జూన్ 10వ తేదీన ఆచార్యుల యెదుట జ్యామితికి ఆధారమైన భావనలపై ఉపన్యసించెను. ఆయన ఇచ్చిన మూడు విషయములలో మూడవదానిని ఎంచినవాడు గౌస్. ఆ ఉపన్యాసమున చెప్పిన జ్యామితియే అరువదేండ్లు గడచిన పిదప, 1915లో, ఐన్‌స్టయిన్‌కు గురుత్వాకర్షణ సిద్ధాంతమునకు పనికివచ్చెను. అది వేరొక కథ.

కీర్తి ఇట్లుండగా కడుపు నిండుట వేరు. అప్పటి జర్మనీలో కొత్త అధ్యాపకునకు జీతము లేదు. విద్యార్థు లిచ్చు రుసుమే ఆధారము. మొదటి పాఠమునకు ఎనిమిదిమంది వచ్చిరని రీమాన్ ఆశ్చర్యముతో సంతోషించెను. మరియొక పర్యాయము గహనమైన విషయమును ముగ్గురికి మాత్రమే బోధించెను. 1855లో తండ్రి మరణించెను. ఆ యేటనే ఒక సోదరియు పోయెను. 1857లో ఏటికి 300 తాలరుల జీతముతో ఉపాచార్య పదవి దొరికినదో లేదో, పోస్టాఫీసు ఉద్యోగముతో చెల్లెండ్రను పోషించుచున్న తమ్ముడు విల్‌హెల్మ్ కన్నుమూసెను. మిగిలిన ముగ్గురు సోదరీమణులు ఈతని పంచన చేరిరి. వారిలోను ఒకతె త్వరలోనే గతించెను. 1859లో డిరిఖ్లే మరణింపగా, గౌస్ కూర్చుండిన ఆచార్య పీఠము రీమాన్‌కు లభించెను. ప్రధాన సంఖ్యలపై ఎనిమిది పుటల వ్యాసము ఆ యేటిదే. ఆ సంవత్సరము నవంబరులోనే గాలి అలలపై గ్రంథమును గొట్టింగెన్ విద్వత్పరిషత్తునకు సమర్పించెను. అది 1860లో అచ్చయ్యెను.

ఇక మా ముఖ్య విషయమునకు వత్తుము. ధ్వని యనగా గాలి పొరలు ఒత్తుకొనుచు, విడుచు సాగు అల యనియు, గాలిలో దాని వేగము సెకనుకు ఇంచుమించు 340 మీటర్లనియు విద్యార్థు లెరుగుదురు. ఈ లెక్క మెల్లని ధ్వనులకు సరిపోవును. మనము మాటలాడునపుడు గాలి కణముల కదలిక సెకనుకు ఒక మిల్లీమీటరులో అల్పభాగము మాత్రమే. కావున ఉపాధ్యాయుని మాట కడపటి బెంచి వరకును రూపు చెడక పోవును. కాని అల మిక్కిలి పెద్దదైనచో? తూటా పేలినపుడు, తుపాకి గుండు దూసుకొని పోవునపుడు ఏమగును? 2001లో మూతపడువరకు కోలారు బంగారు గనులలో రాతిని పగులగొట్టుటకు మందు పేల్చెడివారు. ఆ పనిచేసిన కుటుంబముల వారికి పేలుడు వలన కలుగు గాలి దెబ్బ మాటవంటిది కాదని వేరుగ చెప్పనక్కర లేదు.

పెద్ద అలలో ఒత్తిడి హెచ్చిన చోట గాలి వేడెక్కును. వేడి గాలిలో ధ్వని త్వరగా పోవును. అదియుగాక అక్కడి గాలి తానే ముందునకు సాగుచుండును. ఈ రెండును కలియుటచే అల యొక్క శిఖరము, దాని ముందున్న పాదము కంటె వేగముగ పరుగెత్తును. తిరునాళ్ళలో తేరు వెంట పోవు జనమును తలచుకొనుడు. ముందువరుస వారు మెల్లగా నడచుచుండగా వెనుకవారు త్వరపడినచో నడుమ నుండు ఎడము తరిగి తరిగి, తుదకు వెనుకవారు ముందువారి మడమలు త్రొక్కుదురు. అట్లే అల యొక్క ముందు భాగము అంతకంతకు నిటారగును. వెనుక భాగమున దీనికి భిన్నముగ జరుగును: అచ్చట ముందున్న గాలి వేగముగను వెనుకనున్నది నెమ్మదిగను పోవుటచే అల సాగి పలుచబడును. సమీకరణమును నమ్మి మరికొంత దూరము పోయినచో శిఖరము పాదమును దాటిపోవలెను. అనగా ఒకే చోట, ఒకే క్షణమున గాలికి మూడు వేర్వేరు పీడనము లుండవలెను. ఇది అసంభవము.

ఈ చిక్కును రీమాన్ కంటె ముందే చూచినవారు కలరు. ఇంగ్లండులో స్టోక్స్ అను పండితుడు 1848లో, అల అచ్చట విచ్ఛిన్నమై ఒక నిటారు గోడగా మారవచ్చునని సూచించెను. కాని తోటి పండితులు ఆక్షేపింపగా ఆయనకు తన సూచనపైననే నమ్మకము సడలెను. ముదిమిలో తన వ్యాసములను సంపుటముగ ముద్రించునపుడు ఆ భాగమును తొలగించెను. రీమాన్ స్వభావముచే స్టోక్స్ కంటెను పిరికివాడు. మనుష్యుల యెదుట మాట తడబడువాడు. ఐనను గణితము త్రోవ చూపిన చోటికి పోవుటకు వెనుదీయలేదు. అల విరిగిన పిదప ఏమగునో అదియే ఆయన ప్రశ్న.

గోడ కిరుప్రక్కల గాలి వేర్వేరు స్థితులలో నున్నను, గోడ దగ్గర గాలి మాయమగుట గాని కొత్తగా పుట్టుట గాని జరుగరాదు. ఒక ప్రక్క నుండి ఎంత ద్రవ్యరాశి వచ్చి చేరునో అంతయు రెండవ ప్రక్కకు పోవలెను. ద్రవ్యవేగమునకును అట్టి లెక్కయే కలదు. పాఠశాలలో నేర్చెడి నిత్యత్వ నియమములే యివి. అవకలన సమీకరణము గోడ దగ్గర చెల్లకపోయినను ఈ జమాఖర్చు చెల్లకపోదు. ఈ జమాఖర్చు నుండియే గోడ యెంత వేగముతో కదలునో లెక్కింపవచ్చును. నేడు దీనినే ఆఘాత తరంగమందురు. షాక్ వేవ్ అను మాట విద్యార్థులు వినియే యుందురు. బలమైన ఆఘాతమున ఈ గోడ మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడ నుండదు.

ఇచ్చట రీమాన్ వేసిన యొక ప్రశ్న మిక్కిలి సులభముగ కనబడును. మా అభిప్రాయమున గ్రంథమునకు అదియే ప్రాణము. పొడవైన గొట్టమునకు నడుమ ఒక పలక యున్నదనుకొనుడు. ఎడమ ప్రక్క గాలి ఒక తీరున, కుడి ప్రక్క మరియొక తీరున నున్నది. పలకను తటాలున తీసివేసినచో ఏమి జరుగును? మన కోలారు సీమ చెరువులకు పేరుపొందినది గనుక దీనిని నీటితోనే చూపవచ్చును. నిండిన చెరువు, అవతల కాలువలో కొద్దిపాటి నీరు. నడుమనున్న తలుపు ఒక్కసారిగా లేచిపోయినది. కాలువ లోనికి నిటారైన నీటి మెట్టు ఒకటి దూకుచు ముందునకు పోవును. చెరువు వైపు మాత్రము మెట్టు ఉండదు. నీటిమట్టము వాలుగా తగ్గుచు ఆ తగ్గుదల మెల్లగా వెనుకకు ప్రాకును. నడుమ నొక సమమైన మట్టము ఏర్పడును. గాలిలోను ఇట్లే: ఒక వైపు ఆఘాతము, ఒక వైపు వ్యాకోచము, లేదా స్థితినిబట్టి రెండును ఆఘాతములు, రెండును వ్యాకోచములు. ఎప్పుడే కూటమి ఏర్పడునో రీమాన్ తేల్చిచెప్పెను. నాటి నుండి ఈ పలక ప్రశ్నకు రీమాన్ సమస్య అనియే పేరు.

ఈ గ్రంథమున ఒక దోషము కలదు. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. ద్రవ్యరాశిని, ద్రవ్యవేగమును సరిచూచిన రీమాన్ శక్తిని సరిచూడలేదు. గోడను దాటునపుడు కూడ గాలి మామూలుగ ఒత్తబడినట్లే ఒత్తబడునని తలచెను. నిజమునకు గోడలో కొంత చలనశక్తి మరల రాని విధమున వేడిగా మారును. అందుచే రీమాన్ లెక్కలో గోడ వద్ద శక్తి జమాఖర్చు పొసగదు. స్కాట్లండుకు చెందిన రాంకిన్ అను ఇంజనీరు 1870లోను, ఫ్రెంచి ఫిరంగిదళపు ఉద్యోగి హ్యూగోనియో మరికొన్ని యేండ్లకును దీనిని సరిదిద్దిరి. హ్యూగోనియో 1887లో, ముప్పదియైదేండ్ల వయసున మరణించెను; ఆయన గ్రంథము పూర్తిగా అచ్చగుట ఆయన చూడలేదు. సమాధానమున తప్పు దొరలినను ప్రశ్న సరిగా వేయబడినది గనుక, దిద్దినవారు రీమాన్ వేసిన చట్రములోనే దిద్దిరి.

మరియొక విచిత్రము. ఈ పరిశోధన వలన ప్రయోగశాస్త్రమునకు ప్రయోజనము కలుగునని తాను చెప్పుకొనుట లేదనియు, ఒక జాతి సమీకరణముల సిద్ధాంతమునకు కానుకగ మాత్రమే దీనిని భావింపవలెననియు గ్రంథకర్తయే తెలిపియుండెను. ఆ కాలమున అది నిజమే. శబ్దవేగమును మించు విమానములు లేవు, రాకెట్లు లేవు. గుండు ముందు నిలుచు గాలిగోడను ఛాయాచిత్రమున పట్టుటయే 1886లో మాఖ్, సాల్షర్ అను వారలవలన జరిగినది. అప్పటికి రీమాన్ గతించి ఇరువదేండ్లు.

ప్రయోజనము వచ్చిన త్రోవ కూడ చిత్రమైనదే. ఈ సమీకరణములను కాగితముపై పూర్తిగా సాధించుట కొలది సందర్భములలో తప్ప సాధ్యము కాదు. కనుక స్థలమును గడులుగను కాలమును అడుగులుగను విభజించి, అంకెలతో లెక్కించుచు పోవలెను. 1928లో, రీమాన్ బోధించిన ఆ గొట్టింగెన్‌లోనే, కూరాంట్, ఫ్రీడ్రిఖ్స్, లెవీ అను ముగ్గురు ఇందు ఒక కట్టడిని కనుగొనిరి. అల ఒక గడిని దాటుటకు పట్టు కాలమునకు మించిన కాలపుటడుగు వేసినచో, పొరపాటు అడుగడుగునకు పెరిగి లెక్క అంతయు చెడునని దాని సారము. 1933లో హిట్లరు ప్రభుత్వము కూరాంట్‌ను పదవి నుండి తొలగించెను. ఆయన అమెరికాలో న్యూయార్కు చేరి మరల ఒక విద్యాపీఠమును నిర్మించెను.

ఈ కట్టడిని పాటించినను గోడ మాత్రము లెక్కకు లొంగదు. ఇరుగు పొరుగు గడుల అంకెల తేడాను బట్టి వాలును కొలుచు పద్ధతికి నిటారు గోడ యెదురైనచో వాలునకు అంతముండదు. అంకెలు గోడ వెనుక పైకి క్రిందికి ఊగులాడును; ఒక్కొక్కపుడు గాలి సాంద్రత ఋణసంఖ్యగ కూడ తేలును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అణుబాంబు పరిశోధనలో నున్న జాన్ ఫాన్ నాయ్‌మాన్‌కు ఈ ఊగులాట పెద్ద తలనొప్పి యయ్యెను. ఆయనయు రిఖ్ట్‌మయరును 1950లో ఒక ఉపాయమును ప్రకటించిరి: గాలికి లేని జిగటను లెక్కలో కొంత కల్పించి గోడను మూడు నాలుగు గడుల మేర మెత్తపరచుట. పని జరిగెను. గోడ కొంచెము మసకబారినను సరియైన వేగముతో నడచెను. ఈ విద్య మొదట పెరిగినది సంహారాయుధముల నీడలోనే. ఆ మాట చెప్పక ముందునకు పోవుట మాకు ఇష్టము లేదు.

రష్యాలో అట్టి రహస్య పరిశోధనల నడుమనే సెర్గెయ్ గోదునోవ్ అను యువకుడు వేరొక త్రోవ త్రొక్కెను. ఇరువదియైదేండ్లు నిండీ నిండని వయసున కనుగొనిన పద్ధతిని 1959లో ప్రకటించెను. గొట్టమును వేయి గడులుగ విభజింతము. ఒక్కొక్క గడిలో గాలి అంతయు ఒకే తీరున ఉన్నదని తలంతము. అపుడు ప్రతి రెండు గడుల నడుమనున్న సరిహద్దు ఒక చిన్న రీమాన్ పలకయే! పలక లేచినచో ఏమగునో నూరేండ్ల క్రిందటనే తెలిసినది. ఆ ప్రకారము ప్రతి సరిహద్దును దాటి ఒక అడుగు కాలములో ఎంత గాలి, ఎంత ద్రవ్యవేగము, ఎంత శక్తి ప్రవహించునో తెలిసికొని, ఎడమ గడి పద్దులో ఖర్చు వ్రాసి కుడి గడి పద్దులో జమ వ్రాయవలెను. ఆ పిదప మరల అడుగు. కోమటి చిట్టా వలె ఎచ్చటను చిల్లిగవ్వయైన పోదు. గోడ ఉండవలసిన చోటనే ఉండును. వాలును కొలువవలసిన పనియే లేదు గనుక నిటారుతనము అడ్డు రాదు. ఈ పద్ధతి అంచులను కొంత మొద్దుబార్చును. దానిని పదును పెట్టు పని 1970 తరువాత ఇతరులు చేసిరి. గోదునోవ్ దీర్ఘాయుష్మంతుడై 2023లో మరణించెను.

ఈ గడుల లెక్క యిప్పుడు మన చుట్టుప్రక్కలకు వచ్చినది. మన రాయల్పాడునకు తూర్పుగ సముద్రతీరమున నున్న శ్రీహరికోట నుండి 1971 మొదలుకొని రాకెట్లు ఎగురుచున్నవి. శబ్దవేగమును మించిన రాకెట్టు ముక్కు ముందు గాలిగోడ నిలుచును. అది యెచ్చట నిలుచునో, ఎంత వేడి పుట్టించునో ముందుగ తెలియక రాకెట్టును నిర్మింపరాదు. ఆ కేంద్రమునకు ఎవరి పేరు పెట్టిరో ఆ సతీశ్ ధావన్ పండితుడు 1950 తరువాతి దశకమున బెంగళూరి విజ్ఞాన సంస్థలో శబ్దవేగమును మించు గాలి సొరంగములను నెలకొల్పినవాడు. సొరంగములో కొలిచిన దానిని, యంత్రము లెక్కించిన దానిని ప్రక్క ప్రక్కన నుంచి సరిచూచుట నేటి వాడుక. నీటి విషయమునను అంతే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలమంది ప్రాణములు తీసినది తెలుగువారు మరువలేరు. తీరమున లోతు తక్కువ నీటి కదలికను వర్ణించు సమీకరణములు రీమాన్ పరికించిన గాలి సమీకరణములకు తోబుట్టువులు. హైదరాబాదులో 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. కెరటము ఏ తీరమును ఎప్పుడు చేరునో, ఎంత ఎత్తున లేచునో అచ్చట అట్టి సమీకరణములతోనే లెక్కింతురు.

తన కాగితములకు ఇట్టి దినములు వచ్చునని రీమాన్ ఎరుగడు. ఆయనకు మిగిలినవి కొలది యేండ్లే. 1862 జూన్ నెలలో తన సోదరీమణుల స్నేహితురాలైన ఎలీజె కోఖ్‌ను వివాహమాడెను. ఆ కొద్ది వారములకే ఊపిరితిత్తులకు నెమ్ము చేరెను. అది క్షయగా ముదిరెను. చలి దేశమున నుండరాదని వైద్యులు చెప్పుటచే స్నేహితుల సహాయముతో ఇటలీకి పోయెను. అచ్చటి ఎండ, చిత్రములు, శిల్పములు ఆయనకు మిక్కిలి నచ్చినవి. పీసా నగరమున బెట్టి అను గణితజ్ఞుడు ప్రాణమిత్రుడయ్యెను. ఆ విశ్వవిద్యాలయమువారు ఆచార్య పదవి నిత్తుమని పిలిచిరి; పాఠము చెప్పుటకు ఊపిరి చాలదని రీమాన్ ఒప్పుకొనలేదు. కొంత కుదుటపడగానే గొట్టింగెన్ పోవుట, జబ్బు తిరుగబెట్టగానే మరల ఇటలీకి వచ్చుట, ఇట్లు మూడు నాలుగేండ్లు గడచెను. ఈ నడుమనే ఇదా అను కుమార్తె పుట్టెను.

1866 జూన్ నెలలో ప్రష్యా సేన హానోవర్ రాజ్యముపై దండెత్తెను. రైలు మార్గములు తెగిన ఆ గందరగోళములో రీమాన్ గొట్టింగెన్ విడిచి కడపటి ప్రయాణము సాగించెను. కొంత దూరము బండిలో పోయి, తుదకు ఉత్తర ఇటలీలో మజ్జోరె సరస్సు గట్టున నున్న సెలాస్కా అను పల్లెను చేరెను. అచ్చట ఆయన పట్టిన పని చెవిని గూర్చినది. సన్నని ధ్వనిని సైతము పట్టి దాని భేదములను చెడనీయక లోపలికి చేర్చు చెవిలోని చిన్న ఎముకల పనితీరు ఎట్టిదను విచారము. గాలి అల విరుగుటను చూచినవాడు ఇప్పుడు విరుగని అల వెంట పడెను. మరణమునకు ముందునాడు కూడ అత్తిచెట్టు నీడను పండుకొని, ఎదుటి సరస్సును చూచుచు ఆ వ్యాసమునే వ్రాయుచుండెను. జూలై 20వ తేదీన భార్య ప్రార్థన చేయుచుండగా కన్నుమూసెను. నలువదేండ్లు నిండుటకు ఇంక రెండు నెలలు తక్కువ.

చెవిని గూర్చిన ఆ వ్యాసము అసంపూర్ణముగనే అచ్చయ్యెను. 1876లో మిత్రుడు డెడెకిండ్, హైన్‌రిఖ్ వేబర్ అను వారు రీమాన్ రచనల నన్నింటిని ఒక సంపుటముగ వెలువరించిరి. అదియంతయు ఒక్క పుస్తకమే. దేహమును సెలాస్కా సమీపమున బిగాంజోలో గ్రామపు శ్మశానమున పూడ్చిరి. తరువాతి కాలమున శ్మశానమును మార్చుటచే సమాధి గుర్తు దక్కలేదు. స్నేహితులు చెక్కించి నిలిపిన రాతిపలక మాత్రము ఇప్పటికిని అచ్చట నున్నది.